ఏడో పెట్టెలోని అంకె

మలుపులో లారీ అడ్డం తిరగడంతో మా బస్సు ఆగిపోయింది. పక్క సీటులోని పెద్దావిడ కండక్టరును అడిగింది. "ఆస్పత్రిలో చూడనిచ్చే టైము దాటిపోదు కదా బాబూ?"

"ఆ లారీనడగండమ్మా!"

చదివిన పుస్తకాల్లో సగం మరిచిపోయాను గానీ, ఆగిన బస్సుల్లో విన్నవి ఒక్కటీ మరవలేదు. ఆవిడ లెక్కల పంతులమ్మ. విశ్వవిద్యాలయంలో కంప్యూటరు చదువు కొత్తగా పెట్టినప్పుడు ఆవిడ చేతికే సుద్దముక్క ఇచ్చారట. సిలబస్ వచ్చింది, విద్యార్థులొచ్చారు, యంత్రం మాత్రం రాలేదు.

"మరేం చేశారు?"

"పిల్లల్నే యంత్రం చేశాను. బెంచీల మీద ఒక్కొక్కరూ ఒక్కో పెట్టె, యంత్రంలో అంకెలు దాచే అరలాగా. అంకె ఇస్తే మనసులో దాచుకోవాలి. పెట్టె నంబరు పిలిస్తేనే వేళ్లతో చూపించాలి. ఒకడు కూడేవాడు."

ఏడో పెట్టె ఆవిడ సొంత తమ్ముడు. పిలవకముందే వేళ్లెత్తేసేవాడు. కూడేవాడు అదీ కలిపేసుకునేవాడు, లెక్క కాస్తా గంగపాలు.

"'చెయ్యి దించరా' అంటే 'అలాగే అక్కా' అనేవాడు. 'క్లాసులో అక్కేంటి, మేడమ్ అను' అంటే 'అలాగే మేడమక్కా!' ఇంక పాఠం సాగితే ఒట్టు."

యంత్రం వచ్చేసరికి ఆ పిల్లలు చదువు ముగించేశారు. కొందరు అక్కడే పంతుళ్లయ్యారు. తమ్ముడూ అంతే, రిటైరయ్యేదాకా అక్క పక్క గదిలోనే పాఠాలు చెప్పాడు.

ఇప్పుడతనికి పక్షవాతం. మాట పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడుతున్నాడో లేదో డాక్టర్లే తేల్చలేకపోతున్నారు. పోయినసారి ఆవిడ చెవి దగ్గర వంగి, "ఏడో పెట్టే, నీకు మూడు ఇస్తున్నా, దాచుకో" అని చెప్పి వచ్చింది. ఇవాళ అడగాలి.

"చూపించకపోతే?" అన్నాను. నోటి తొందర.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "మళ్లీ ఇస్తాను. కానీ లోపల వాడే లేకపోతే... ఎవరికివ్వను?"

లారీ పక్కకు తప్పుకుంది. బస్సు కదిలింది.

ఆస్పత్రి ముందు బస్సాగింది. వరండాలో, ఎండ పడేచోట, చక్రాల కుర్చీలో ఒక మనిషి రోడ్డుకేసి చూస్తున్నాడు. వెనక నిలబడ్డది ఆవిడ మరదలు కాబోలు. పెద్దావిడ ఇంకా బస్సు మెట్టు మీదుండగానే అతని ఎడంచెయ్యి మెల్లగా లేచింది.

మూడు వేళ్లు.

"ఒరేయ్! అడక్కుండా చూపించొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు!"

బస్సంతా ఉలిక్కిపడింది. మర్చిపోయిన సంచి కిటికీలోంచి అందించాను. నా మొహమైనా చూడకుండా లాక్కుని, సగమే తొడుక్కున్న చెప్పుతో, ఇంకా తిడుతూనే గేటులోకి నడిచిపోయింది.