ఎల్లమ్మకు బెల్లం నీళ్ల సాక

మాది మహబూబ్‌నగర్ దగ్గర చిన్న పట్నం. మా ఆయన మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డారు. మాన్పించబోతే ఫిట్స్ వచ్చాయి, నన్నే గుర్తుపట్టలేదు. దవాఖానలో ఉంచి బాగుచేయించుకొని తెచ్చుకున్నాక కూడా, ఆయన గడప దాటితే తిరిగొచ్చేదాకా వీధి వైపే చూస్తూ ఉండేదాన్ని.

ఆ ఏడు ఎల్లమ్మ బోనాలు వచ్చాయి. అమ్మవారి ముందు కల్లును సాకగా నేల మీద ధార పోయడం, మిగిలింది మగవాళ్లు తలా ఇంత తాగడం మా ఇంటి ఆచారం. మా బావగారు దుకాణంలో కల్లు సీసా కొనుక్కొచ్చి మా ఆయన చేతిలోనే పెట్టారు.

"సాక నువ్వే పొయ్యాలె తమ్మీ. జర నోట్లె గూడ పోస్కో, ప్రసాదంతోని ఏంగాదు."

వద్దంటే అమ్మవారికి అపచారం, ఊరుకుంటే మళ్లీ దవాఖాన. బోనం నెత్తిన పెట్టుకొని ఆ సీసా వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన సీసాను ముక్కు దాకా తెచ్చుకున్నారు. వాసన చూసి బావగారి వైపు తిరిగారు.

"అన్నా, గిది మందు కల్లు. అమ్మకు పొయ్యొద్దు. ఆమెకు గూడ అలవాటైతే దవాఖానకు ఎవలు తీస్కపోతరు?"

అందరూ గొల్లున నవ్వారు. బావగారికి కూడా నవ్వాగలేదు. మా ఆయన సీసా అన్నకే ఇచ్చేసి, చెంబులో బెల్లం నీళ్లు కలిపి సాక పోశారు.

నా భయం తీరిందని చెప్పలేను. ఇప్పటికీ ఆయన రావడం కాస్త ఆలస్యమైతే వంట మీద ధ్యాస నిలవదు. అయినా ఆ మాట ఆయన నోట పలికించిన తల్లికి, దీపం పెట్టినప్పుడల్లా దండం పెట్టుకుంటాను.