మామయ్య ముట్టుకోని బొడిపె

మా మామయ్య డెంటింగ్ మేస్త్రి. గుద్దుకున్న కార్లకు సొట్టలు తీసి రంగు వేస్తారు. ముప్పై ఏళ్లుగా అదే పని కావడంతో, ఆయన చూపు నున్నగా ఉన్నచోట నిలవదు. కొడుక్కి సంబంధం మాట్లాడ్డానికి మా ఇంటికొచ్చిన రోజు కూడా నా మొహం చూడలేదు, మా అమ్మ పొయ్యి మీద పెట్టిన గిన్నె చూసి, "దీన్నెవరు పడేశారమ్మా?" అన్నారు. ఆయన లేచేసరికి గిన్నె సొట్టా పోయింది, నా పెళ్లీ ఖాయమైంది.

అలాంటి మనిషికి అలాంటి మనవరాలే పుట్టాలా!

కాన్పు చివర్లో నాకు ఓపిక అయిపోయింది. పాప గుండె నెమ్మదించిందని డాక్టరమ్మ దాని తలకు వాక్యూమ్ కప్పు తగిలించి, నేను ముక్కినప్పుడల్లా లాగింది. పిల్ల క్షేమంగా బయటపడింది గానీ తల మీద గుండ్రంగా కప్పు అచ్చు పడింది. మర్నాటికి ఆ అచ్చు తగ్గింది, కుడివైపు నిమ్మకాయంత బొడిపె లేచింది.

మామయ్య దాన్ని అటునుంచి ఇటునుంచి వంగి వంగి చూశారు.

"కప్పు పెట్టి లాగారా సిస్టర్? మేమూ అదే పెట్టి లాగుతాం. కాకపోతే లాగాక లెవెల్ చేసి ఇస్తాం. రోజూ ఓ రెండు నిమిషాలు అరచేత్తో అదిమితే..."

"ఆ చేతులు జేబులో పెట్టుకోండి పెద్దాయనా" అంది సిస్టర్. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పుర్రె ఎముక పైపొర కింద రక్తం చేరింది. అదిమినా, సూది పొడిచినా చేటే. వదిలేస్తే కొన్ని వారాల్లో అదే కరుగుతుంది. కరిగేటప్పుడు కామెర్లు రావచ్చు. ఒంటి రంగు చూడండి, పాలు సరిగ్గా తాగుతోందో లేదో చూడండి."

"రంగు చూడ్డమా? అది మన పనే" అన్నారు మామయ్య, జేబులో చేతులు తీయకుండానే.

ఇంటికొచ్చాక ఆయన పాప దగ్గరికి ఎప్పుడొచ్చినా చేతులు వెనక్కి కట్టుకునే వచ్చేవారు. పొద్దున్నే పిల్లని కిటికీ దగ్గరికి తెమ్మనేవారు. బల్బు వెలుతుర్లో రంగు చూసేవాడు మేస్త్రే కాదట.

"ఏం మామయ్యా, రెండో కోటు వేస్తారా?" అని నేను ఆటపట్టించేదాన్ని.

నాలుగో రోజుకి నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పాప బంగారంలా మెరుస్తోంది. అచ్చం మా అమ్మ ఛాయ అని మురిసిపోయాను. ఏడుపన్నదే లేదు, పాలకు లేపినా రెండు గుక్కలు తాగి మళ్లీ నిద్ర. ఎంత బుద్ధిమంతురాలో అని ఫోన్లో చుట్టాలందరికీ చాటాను.

కిటికీ దగ్గర మామయ్య మొహంలో నవ్వు పోయింది.

"అమ్మాయ్, షేడు మారింది. నిన్న మొహం దగ్గరే ఉంది, ఇవాళ పొట్ట దాకా దిగింది."

నాకు ఒళ్లు మండింది. "కార్లు చాలక నా బిడ్డ రంగుకి కూడా వంక పెడుతున్నారా?"

ఆయన గోడకున్న కారు తాళాలు తీసుకున్నారు.

"తిట్టుకోమ్మా. కార్లో కూర్చుని తిట్టుకో."

ఆస్పత్రిలో రక్తం తీసి చూశారు. కామెర్లు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువున్నాయి. ఇంకా ఆలస్యం చేస్తే మెదడుకే ముప్పని చెప్పి, వెంటనే నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. రెండు రోజులు. అద్దం ఇవతల కూర్చున్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. బంగారమని మురిసింది నేను. బిడ్డ పాలు తాగే శక్తి లేక పడుకుంటే బుద్ధిమంతురాలన్నదీ నేనే. ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. లైటు బిగించిన చట్రానికి సొట్ట ఉందని సిస్టర్‌తో గొడవ పెట్టుకున్నారంతే.

పాప కోలుకుంది. బొడిపె ముందు అంచుల్లో గట్టిపడింది, తర్వాత మెల్లగా కరుగుతూ వచ్చింది. మూడో నెలకి చేత్తో వెతికినా దొరకలేదు. ఆ రోజు పాపని తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను.

"ఇప్పుడు ముట్టుకోండి మామయ్యా."

అలవాటు కొద్దీ వెనక్కి పోయిన చేతులు మెల్లగా ముందుకొచ్చాయి. అరచేత్తో కుడివైపు నిమిరారు, ఎడమవైపు నిమిరారు, మళ్లీ కుడివైపు నిమిరారు. కళ్లు తుడుచుకున్నారు.

"ఎవరు తీశారో గానీ, మంచి పనోడమ్మా" అన్నారు.