ఏడో గుంట పక్కన పూరేడు

ఈ గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే మేస్త్రి పిట్టలతో మాట్లాడతాడు. సరే, మాట్లాడడు. తిడతాడు. అవి ఉలకవు, పలకవు. అంతవరకూ నిజం.

పదకొండేళ్లుగా, బంతి పడే ఏడో గుంట పక్కనున్న గడ్డి పట్టీ మీదికి ఆయన కోత బండి పోనివ్వలేదు. ఏటా అక్కడొక పూరేడు పిట్ట గుడ్లు పెడుతుంది. ఈసారి క్లబ్బు సెక్రటరీ కన్ను ఆ పట్టీ మీద పడింది.

"ఆదివారం కాలనీవాళ్లు జంతువుల సర్వేకి వస్తున్నారు. వాళ్ల కాగితంలో అక్కడేదైనా ఉంటే సరి. లేదంటే సోమవారం కార్ల పార్కింగు కోసం చదును చేయించేస్తా" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే తొమ్మిది మంది దిగారు, మెడల్లో బైనాక్యులర్లతో, చేతుల్లో ఫారాలతో. వాళ్లకు పెద్ద, మందుల షాపు నడిపే ఆవిడ. మేస్త్రి భార్యకు స్వయానా చెల్లెలు.

"ఇదిగో, ఇక్కడ" అని మేస్త్రి నోరు తెరిచాడు.

"నువ్వు చెప్పకూడదు బావా. ఒక్కో చోట పది నిమిషాలు. మా కళ్లకు కనబడిందే రాస్తాం. సిబ్బంది మాట చెల్లదు."

"వేలెత్తి చూపిస్తే?"

"కనుబొమ్మ కూడా ఎత్తకు. నీ కడుపులో ఉన్నదంతా మొహంలో కనబడుతుందని అక్క చెప్పింది."

ఏడో గుంట దగ్గర తొమ్మిది మందీ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. పూరేడు మరదలి బూటుకు మూరెడు దూరంలో, ఎండుగడ్డిలో ఎండుగడ్డిలా కలిసిపోయి గుడ్లు పొదుగుతోంది. రెప్ప కూడా వెయ్యడం లేదు. ఎవరో "మిడతలు రెండు" అని రాసుకున్నారు. బట్టతల పెద్దమనిషి ఒకాయన "గుడ్డు ఒకటి" అని రాసి, వంగి చూసి, బంతి అని తెలిశాక కొట్టేశాడు. మేస్త్రి పళ్లు నూరుకున్నాడు. లే తల్లీ, ఒక్కసారి లేచి చావు, అని లోపల్లోపల పిట్టను బతిమాలాడు. అది లేవలేదు.

ఎనిమిది నిమిషాలు అయిపోయాయి. ఆ పిట్ట దేనికి లేస్తుందో మేస్త్రికి ఒక్కడికే తెలుసు. విసవిసా వెళ్లి బండెక్కి, కత్తి పైకెత్తి పెట్టి, నేరుగా పట్టీ మీదికి తోలాడు.

"బావా, మతి పోయిందా నీకు? ఆపు" అంటూ మరదలు అడ్డంగా పరుగెత్తింది.

బండి ఆమెకు జానెడు దూరంలో ఆగింది. పూరేడు బుర్రుమని లేచింది. కింద ఎనిమిది గుడ్లు. తొమ్మిది కలాలూ ఒకేసారి కదిలాయి: పూరేడు ఒకటి, గుడ్లు ఎనిమిది, పొంచి ఉన్న ప్రమాదం గడ్డి మేస్త్రి.

అరగంటలో పిట్ట తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంది. సోమవారం కార్లకు బదులు కంచె వచ్చింది. పట్టీకి నలభై అడుగుల లోపు మేస్త్రి కనబడకూడదని సెక్రటరీ రాతపూర్వకంగా ఇచ్చాడు.

మేస్త్రిని అడిగి చూడండి. "ఆదివారం నాకు సెలవండీ. బండి షెడ్డులోనే ఉంది. పూరేడు నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో కూడా నాకు తెలీదు. ఇదంతా ఎవరో అల్లిన కథ" అంటాడు.