మా మిలిటరీ పెద్దమ్మ

పోయిన వారం మా పెద్దమ్మ చనిపోయింది. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని చెప్పి, మళ్ళీ లేవలేదు. బంగారుపాళ్యం చుట్టుపక్కల చాలామందికి ఆమె మామిడితోటాయన భార్యగానే తెలుసు. ఏళ్ళ తరబడి సైనిక ఆసుపత్రుల్లో నర్సుగా చేసిందనీ, మంచుకొండల నుంచి దించుకొచ్చిన కుర్రాళ్ళ గాయాలు కడిగిందనీ తెలిసినవాళ్ళు తక్కువ. ఆమె చెప్పుకోలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఎవరు ఇంటికొచ్చినా ముందు ముఖంలోకి పరీక్షగా చూసేది. కూర్చోమనడం ఆ తర్వాతే. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే మంచం పక్కనే కుర్చీ వేసుకుని, తగ్గేదాకా కదల్లేదు. "అరిసేవాళ్ళకు భయం లేదు పాపా. అరవనోళ్ళ దగ్గరికి ముందు పోవాల" అనేది. ఈరోజు నేను ప్రాణాలతో ఉన్నానంటే ఆ చేతుల చలవే.

కొన్నేళ్ళ కిందట ఇక్కడి ప్రైవేటు బడి ఒకటి ఆగస్టు పదిహేనున మాజీ సైనికులను సన్మానిస్తామని ఆమెకు కబురంపింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. పెట్టెలోంచి పతకాలు తీసి, కాసేపు చూసుకుని, మళ్ళీ పెట్టెలోనే పెట్టేసింది. పెద్దనాయనా నేనూ వెంట వెళ్ళాం.

వేదిక మీద కరస్పాండెంటు నేరుగా వచ్చి శాలువా పెద్దనాయనకు కప్పాడు. "సరిహద్దుల్లో ప్రాణాలకు తెగించి..." అని మైకులో మొదలుపెట్టాడు. పెద్దనాయన ముఖం కందిపోయింది.

"సామీ, నేను తోట మనిషిని. మిలిట్రీలో చేసింది ఈమె."

"ఓ, నర్సమ్మా!" కరస్పాండెంటు నవ్వాడు. "సర్లేప్పా, ఇద్దరూ ఒకటే గదా. నువ్వే కప్పుకో."

జనమూ నవ్వారు. పెద్దనాయన శాలువా మడిచి పళ్ళెంలో పెట్టేశాడు. పెద్దమ్మ అప్పటికే వాళ్ళను చూడటం లేదు. ఎండలో నిలబెట్టిన పిల్లలను చూస్తోంది. దేశసేవ గురించి ఉపన్యాసం సాగుతుండగానే ఒక ఆడపిల్ల కూలిపోయింది. టీచర్లు కరస్పాండెంటు ముఖం వైపు చూశారు. అతను ఆపలేదు.

పెద్దమ్మ మెట్లు దిగి వెళ్ళి, ఆ పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు తన ఒళ్ళోకి ఎత్తి పెట్టుకుంది. డ్రిల్లు మాస్టారుతో, "మిగతా బిడ్లను నీడకు తోలప్పా" అంది.

"సారు మాట్లాడతా ఉండాడు మేడం."

"మాట్లాడనీ. నీడలో గూడా ఇనపడతాది."

పిల్లలు మాస్టారు చెప్పేదాకా ఆగలేదు. వరండాలోకి పరుగెత్తారు. ఖాళీ మైదానానికి చెప్పినట్టే చెప్పి, కరస్పాండెంటు ఉపన్యాసం ముగించాడు.

ఇంటికొస్తుంటే ఆమె దారి మధ్యలోనే ఆగిపోయింది. "శాలువా గురించి కాదు పాపా. సేవ, సేవ అని గొంతు చించుకున్నారే, ఆ బిడ్డ పడిపోతే ఒక్కరన్నా కదల్లేదే!" ఆమెకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత పిలుపు లేదు. "మీ పెద్దమ్మ ప్రోగ్రాం పాడు చేసింది" అని కరస్పాండెంటు బజారులో నా ముందే అన్నాడు.

మట్టి వెయ్యడానికి ఆ బడి నుంచి ఒక్కరూ రాలేదు. మర్నాడు మాత్రం ఫోన్ వచ్చింది. యూనిఫాంలో ఉన్న ఫోటో పంపితే ఫ్లెక్సీ వేస్తారట. పెద్దనాయనను అడిగాను.

"వాళ్ళకా? ఇయ్యొద్దు" అన్నాడు. నేను పంపలేదు.

నిన్న ఆ బడి ముందు నుంచి వెళ్ళాను. గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో కరస్పాండెంటు చేతులు జోడించి నిలువెత్తున నిలబడ్డాడు. పక్కన చిన్న గుండ్రంలో, ఎక్కడినుంచి తీశారో, తెల్లటోపీ పెట్టుకున్న పడుచుపిల్ల ఎవరో నవ్వుతోంది. కింద మా పెద్దమ్మ పేరు.