రండి, తిందాం

తొమ్మిదో తరగతిలో నేను చదువుకు సెలవిచ్చాను. నేనే ఇచ్చినట్టు చెప్పుకుంటాను గానీ, ఆ రోజు స్టాఫ్ రూములో మాస్టార్లు స్వీట్లు పంచుకున్నారని తరువాత విన్నాను. అలాంటివాణ్ణి పోయి పోయి ఒక టీచర్‌ను చేసుకున్నాను. అప్పటి నుంచి ఇంట్లో రోజూ హోంవర్కే.

మేముండేది బొల్లారంలో, పాత బంగళాను నాలుగు వాటాలు చేసిన కాంపౌండులో. నాలుగిళ్లకూ ఒకటే గోడ, ఒకటే గేటు, ఒకటే బోరు. గేటు పక్క వాటా మాది. లోపలివాళ్లెవరు బయటికి పోవాలన్నా మా వరండా ముందు నుంచే పోవాలి. నేను పొద్దున టిఫిన్ తినేది ఆ వరండాలోనే. మనిషి ఎదురుగా పోతుంటే చూడనట్టు ఎలా తింటాం? "రండి, తిందాం" అంటాం. "ఇప్పుడే అయింది, మీరు కానివ్వండి" అని వాళ్లు పోతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే మాట, అదే జవాబు. పిలిచినవాడికి ఖర్చు లేదు, పోయేవాడికి ఆలస్యం లేదు.

పోయిన ఏడు వెనక వాటాలోకి పోలండ్ నుంచి ఒక కుటుంబం దిగింది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన ఏదో మందుల ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరు. మంచి మనుషులు. బోరు మోటారు వేసే వంతు వాళ్లదైతే ట్యాంకు పొంగి నీళ్లు కారడం నేనెప్పుడూ చూడలేదు. అది మిగతా మా అందరి పని. వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయన బ్యాగు తగిలించుకొని వరండా దాటుతుంటే, అలవాటు కొద్దీ పళ్లెం చూపించి "రండి సార్, తిందాం" అన్నాను. ఆయన ఆగాడు. గేటు వైపు ఒకసారి చూశాడు. బ్యాగు దించి, బూట్లు విప్పి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మా ఆవిడ రెండు దోశలు పోసింది. మర్నాడు మళ్లీ పిలిచాను, మళ్లీ కూర్చున్నాడు. వారం తిరిగేసరికి ఆయన పిల్లలు కూడా కూర్చున్నారు.

మా ఆవిడ పని చేసే స్కూలు తిరుమలగిరిలో, బస్సులో పోవాలి. వీళ్లందరికీ దోశలు పోసేసరికి ఆ బస్సు కాస్తా పోతోంది. ఆ నెలలోనే ఆమెను పర్మనెంట్ చేయాలా వద్దా అని చూస్తున్నారు. ప్రేయర్ బెల్లు కొట్టాక గేటు దాటితే హెడ్‌మిస్ట్రెస్ ఏమీ అనదట, గడియారం వైపు చూసి ఊరుకుంటుందట. తిట్టినా బాగుండును, ఆ ఊరుకోవడానికే భయమేస్తుందని మా ఆవిడ బాధ.

"ఆ బస్సు పోతే ఇంకోటి ఎప్పుడొస్తదో డ్రైవర్‌కే తెల్వదు. నువ్వు పిలుసుడు బంద్ చెయ్," అంది.

"ఎదురుంగ మనిషి పోతుంటే పిలవకుంట ఎట్ల తింట? దొంగతనంగ తిన్నట్టుంటది."

"అయితే లోపల తిను."

లోపలే తిన్నాను. సిలిండర్ పక్కన పీట వేసుకొని, చెమటలు కక్కుకుంటూ. తలుపు చప్పుడైంది. వరండాలో నేను కనబడలేదని, ఒంట్లో బాగాలేదేమోనని ఆయన చూడటానికి వచ్చాడు. బాగానే ఉన్నానని చెప్పడానికి తలుపు తీశాను. చేతిలో ఉప్మా పళ్లెం ఉంది. ఇంకేమంటాను? అదే అన్నాను.

పోనీ ముందే తినేద్దామని తెల్లవారుతూనే లేచి కూర్చున్నాను. ఆ వేళకు ఆయన పరుగుకు బయల్దేరుతున్నాడు. పిలిచాను, కూర్చున్నాడు. ఇంత బిడియం లేని మనిషి ఉంటాడా అని నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే, బట్టలారేసే తీగ దగ్గర ఆయన భార్య నన్ను ఆపింది. ఆమెది కూరగాయల బండ్ల దగ్గర నేర్చిన తెలుగు.

"అన్నా, జెర ఒక మాట. మా ఆయనకు రోజూ ఎందుకు తినవెడ్తున్నరు?"

"నేనా? ఆయనే కూసుంటున్నడు కదమ్మా."

"మీరు పిలుస్తున్నరు. మా దేశంల పిలిస్తే వద్దు అనొద్దు, పిలిచినోళ్లు బాధ పడ్తరు. ఇంట్ల తింటడు, మళ్ల మీ దగ్గర తింటడు. ఆఫీసు బండి బయట హారన్ కొడ్తనే ఉంటది. మస్తు పరేషాన్ అన్నా."

తీగ మీద ఆయన ప్యాంటు ఆరుతోంది. నడుము దగ్గర వెడల్పు చేసిన కొత్త కుట్లు కనబడుతున్నాయి.

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. నేను పిలవకుండా ఉండలేక పిలుస్తున్నాను, ఆయన కాదనలేక తింటున్నాడు, మధ్యలో మా ఆవిడ బస్సు పోతోంది. ఆ సాయంత్రమే ఆయన్ని కూర్చోబెట్టి, వచ్చిన ఇంగ్లీషులో, రాని ఇంగ్లీషులో చెప్పాను.

"మేం పిలుస్తాం సార్. మీరు రావద్దు."

"రావద్దంటే పిలవడం ఎందుకు?"

"పిలవకపోతే బాగుండదు."

"పిలిచాక నేను వస్తే?"

"వస్తే పెడతాం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇక వాదన పెంచకుండా, పిలిస్తే మావాళ్లంతా చెప్పే జవాబును తెలుగులో బట్టీ పట్టించాను.

మర్నాడు పొద్దున "రండి సార్, తిందాం" అన్నాను. ఆయన నడక ఆపకుండానే "ఇప్పుడే అయింది, మీరు కానివ్వండి" అన్నాడు. ఇక్కడ పుట్టినవాళ్లు కూడా అంత శుభ్రంగా అనరు. మా ఆవిడ చెప్పులేసుకొని అప్పటికే గేటు దగ్గరుంది. అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఒక్క పిలుపుతో వదిలేస్తే పిలిచినట్టేనా?

"అట్లంటె ఎట్ల సార్, ఒక్క దోశ. నా మీద ఒట్టు," అన్నాను.

ఆయన బిక్కమొహం వేసి బ్యాగు దించాడు. పళ్లెంలో చూస్తే చట్నీ తప్ప ఏమీ లేదు.

"ఇగో, ఒక్కటి పోసి పోతవా?" అని గేటు వైపు కేకేశాను.

మా ఆవిడ వెనక్కి కూడా తిరగలేదు.

"పెనం పొయ్యి మీదుంది, పిండి ఫ్రిజ్‌ల ఉంది. పిలిచే నోరు నీదైనప్పుడు పోసే చెయ్యి సుత నీదే. నా బస్సొచ్చింది."