అడ్డంగా అల్లే పాస్టరమ్మ

మా పాస్టరమ్మ స్వెటర్‌ను కింది నుంచి అల్లేది కాదు. ఒక ముంజేతి దగ్గర మొదలుపెట్టి, ఛాతీ మీదుగా అడ్డంగా సాగి, రెండో ముంజేతి దగ్గర ముగించేది. ముక్కలు అతికించడం ఆమెకు నచ్చదు. "ఏసు ప్రభువు అంగీకి కుట్టు లేదు గదనే," అనేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భద్రాచలం నుంచి ఇద్దరం ఒక అడవి ఊరికి ప్రార్థనకు పోతుంటే పోలీసులు బస్సు ఆపారు. ఆమె ఒళ్లో ముదురు ఆకుపచ్చ ఉన్ని చూసి ఒకాయన నిలబడిపోయాడు.

"ఎవరికమ్మా ఇది? అడవిల అన్నలకా?"

"చలేసేటోళ్లకు, బిడ్డా."

"అన్నలకు చలేస్తే?"

ఇవ్వనంటే చాలు, బయటపడుతుంది. కానీ ఆమె నోట అబద్ధం రాదు.

"ఎవలకైనా ఇస్త."

"దిగు."

అల్లిక చేతిలో పట్టుకునే దిగింది. ఉన్ని ఉండ సీటు మీదే ఉండిపోయి, దారం మెట్ల మీదుగా ఆమె వెంట సాగింది. డ్రైవర్ గేరు వేశాడు. ప్రభువా అనుకుంటూ ఉండ తీసుకొని నేనూ దిగాను.

"నువ్వెందుకు దిగినవే?" అని కసిరింది.

"దారం తెగుతది గదమ్మా."

పొద్దుగూకేలోపు ఇద్దరినీ వదిలేశారు. ఆ స్వెటర్ ఎవరికిచ్చిందో ఆమె చెప్పలేదు, నేనడగలేదు. తొడుక్కున్న మనిషి కోసం మాత్రం, పేరు తెలియకుండానే, ఇప్పటికీ ప్రార్థిస్తుంటాను.