సంచిలో నాడె, వేలూరు ప్రయాణం

నెల రోజులుగా గుండె దడదడలాడుతుంటే, వేలూరు పోయి చూపించుకోమని మా ఇంటామె పోరు పెట్టింది. మగ్గం మీద లుంగీగుడ్డ ఇంకా జానెడు మిగిలి ఉంది. మరునాడే, నూలిచ్చి నేయించుకునే మేస్త్రీకి అప్పజెప్పాలి. నేను లేనప్పుడు ఆమె కూర్చుంటే చెయ్యి మారుతుంది. చెయ్యి మారితే దారాన్ని దగ్గరికి కొట్టే దెబ్బ మారుతుంది, గుడ్డలో అడ్డంగా గీత పడుతుంది. అట్లాంటి గీత కోసం వెనకటి మేస్త్రీ ఒకాయన నా గుడ్డను పదిమందిలో విసిరేసినాడు. ఆయన పోయినాడు, ఆ విసురు నాకు పోలేదు.

అందుకని పొద్దున ఆరున్నరకు ఇల్లు వదిలేటప్పుడు, పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెను తీసి సంచిలో వేసుకున్నాను. నాడె లేకపోతే ఎవరు కూర్చున్నా మగ్గం కదలదు.

గుడియాత్తం బస్టాండులో ఏడు గంటల బస్సు దొరికింది. పక్క సీటులో నెమిలి అనే ఊరి దిక్కు సేద్యగత్తె, కూతురింటి నుంచి తిరిగి పోతోంది.

"ఏమప్పా, సంచిని చంటిబిడ్డ మాదిరి పట్టుకోనుండావు?"

"నాడె ఉండాది అమ్మా. ఇంట్లో పెడితే మా ఇంటామె నేసేస్తాది."

"నేసేదానికే కదప్పా మగ్గం?"

వరి నాటేవాళ్ళకు నేత ఏం తెలుసు అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

"నేను నాటు వేస్తా. వాన రాకుంటే దాంతో కొట్లాడేదానికి యాడికి పోతా?"

దీనికి జవాబు నాకు పళ్ళికొండ దాటినాక గాని తోచలేదు. అప్పటికి ఆమె నిద్రపోయింది.

ఎనిమిదిన్నరకు వేలూరు. రెండు ఇడ్లీలు తిని ఆటోలో ఆస్పత్రికి పోయినాను. గేటు కాడ కావలివాడు సంచి తడిమి నాడెను బయటికి తీసినాడు. రెండు కొనలకూ ఇనుప మొనలు ఉంటాయి మరి.

"పెద్దాయనా, దీంతో ఎవర్ని పొడిచేదానికి వచ్చినావు?"

యాభై ఏండ్లుగా గుడ్డ నేస్తున్నవాణ్ణి అడిగే మాటేనా ఇది? చెప్పులకు ఇచ్చినట్టు ఒక టోకెను ఇచ్చి నాడెను ఉంచుకున్నాడు.

లోపల మంచం మీద పడుకోబెట్టి, ఒంటికి తీగలు తగిలించి, కదలకుండా ఉండమన్నారు. ఒళ్ళు కదల్లేదు గాని ప్రాణమంతా గేటు కాడే ఉంది. పదకొండుకు డాక్టరు కాగితం చూసినాడు.

"గుండె బాగానే ఉంది. ఇంత దడ ఎందుకు?"

"నాడె గేటు కాడ ఉండాది సార్." కథంతా చెప్పినాను.

"మీ ఇంటామెకు నేత రాదా?"

"నాకంటే ముందు నేర్చుకునింది."

డాక్టరు కాగితం మడిచి నా చేతికిచ్చినాడు. మందు లేదు, దిగులు తగ్గించుకోమన్నాడు. తగ్గించుకోవడం తెలిస్తే వేలూరు దాకా ఎందుకు వస్తాను?

గేటు కాడ నా నాడె రిజిస్టరు మీద బరువుగా కూర్చుని ఉంది. "గాలికి కాగితాలు ఎగరకుండా బాగుంది పెద్దాయనా" అంటూ కావలివాడు అయిష్టంగానే ఇచ్చినాడు.

ఒంటిగంట బస్సు ఎక్కి ఇంటికి ఫోను చేసినాను. గుండె బాగుందని చెప్పినాను.

"మంచిది. పక్కింట్లో నాడె అడిగి తెచ్చుకోని నేసేసినా. గుడ్డ కోసి పెట్టినా" అని పెట్టేసింది.

ఆ గంటన్నర దారి నేనెట్లా కూర్చున్నానో నాకే తెలియదు. వాన మాట చెప్పిన ఆమె పక్కన ఉండింటే ఆమెతోనైనా కొట్లాడి ఉందును.

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడగకుండా గుడ్డ పరిచి, కండ్లు మూసుకుని వేళ్ళతో తడుముతూ పోయినాను. దొరికింది.

"ఇదో, నీ చెయ్యి పడిన గీత."

ఆమె వచ్చి, అంచుకు కట్టి ఉన్న పచ్చదారం చూపించింది. నా వేలికి బెత్తెడు అవతల ఉంది అది.

"నేను మొదలుపెట్టింది ఇక్కడ. నువ్వు చూపించేది నిన్నటిది. నిన్నంతా ఒక చెయ్యి గుండె మీద పెట్టుకోనే నేసినావు కదయ్యా. రా, సంగటి ఆరిపోతాది."

దారం అవతల మళ్ళీ మళ్ళీ తడిమినాను. నున్నగా ఉంది.

వేలూరు పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. బస్సులకు కరువు లేదు, ఇడ్లీ బాగుంటుంది, నాడెను మాత్రం ఇంట్లో పెట్టి పొండి. నేను ఆ గీత పైకి కనబడేటట్టే గుడ్డ మడిచి పెట్టి, సంగటికి కూర్చున్నాను. మేస్త్రీ కండ్లు మేస్త్రీవి, వాటితో కొట్లాడేదానికి యాడికి పోతాను?